గట్టుదారి ఎవరిది

సూళ్ళూరుపేట చేపల మార్కెట్లో చంద్రకాంతమ్మ బుట్ట ముందు బేరం ఎక్కువసేపు సాగదు. నిన్నటి చేపను ఈనాటిదని అమ్మే అలవాటు ఆమెకు లేదు. మొప్ప ఎత్తి చూడబోయిన వాళ్ళను తానే ఆపి, "అది నిన్నటిది తల్లీ, పులుసుకు బాగుంటాది, వేపుడుకు వద్దు" అనేస్తుంది. పక్కన కూర్చునే ఆడవాళ్ళు, నిజం చెప్పి నష్టపోయేదాన్ని నిన్నే చూస్తిమి అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది. నష్టపోయింది మాత్రం ఎన్నడూ లేదు. అందరికంటే ముందు ఖాళీ అయ్యేది ఆమె బుట్టే.

అంతటి మనిషి ఏళ్ళ తరబడి ఒక అబద్ధం మోసింది. ఆమె కొడుకు మునిశేఖర్ నెల్లూరు జైల్లో ఉన్నాడు. ములాఖత్ వరసలో నిలబడ్డప్పుడు ముందున్న వాళ్ళో వెనకున్న వాళ్ళో "ఏం కేసమ్మా?" అని అడుగుతారు. ఆ వరసలో అది "ఏ ఊరమ్మా?" అన్నంత మామూలు ప్రశ్న. చంద్రకాంతమ్మ తల తిప్పకుండానే "కొట్లాట" అనేది. కొట్లాట కేసు తల్లికి అక్కడ కొంచెం పరువుండేది. పౌరుషమున్న బిడ్డలే అంటూ పక్కవాళ్ళు చోటిచ్చేవాళ్ళు.

కేసు కొట్లాట కాదు. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న కారదిబ్బ పాళెంలో, ఎండుచేపల షెడ్డులో, మునిశేఖర్ ఎదురింటి శాంతయ్య కూతురు కోమలిని బలాత్కరించాడు. కోమలి అప్పుడు నాయుడుపేటలో డిగ్రీ చదువుతోంది. శాంతయ్య, చంద్రకాంతమ్మ భర్త మునెయ్య ఒకే వల లాగి బతికినవాళ్ళు. మాట ఊరు దాటకుండా సర్దేద్దామని పెద్దలు కూర్చున్నారు. కోమలి ఒప్పుకోలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని తానే పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. కోర్టులో అడిగిన ప్రతి ప్రశ్నకూ నిలబడి జవాబు చెప్పింది. మునిశేఖర్‌కు శిక్ష పడింది.

ఆ రోజు చంద్రకాంతమ్మ ఊరంతా వినేటట్టు ఏడ్చింది. ఏడుస్తూ కోమలిని అనరాని మాటలన్నీ అంది. కడుపుతీపి ఒక్కటే ఆమె చేత ఆ మాటలు అనిపించలేదు. ఆమె దగ్గర ఒక లెక్క ఉండేది. తన కొడుకు తాగడు. పెద్దవాళ్ళు ఎదురైతే మడిచి కట్టిన లుంగీ దించి నిలబడతాడు. చేప తలకాయలు పారెయ్యకుండా దాచి పిల్లులకు పెడతాడు. అటువంటి పనులు చేసేవాళ్ళు ఎట్లుంటారో లోకానికంతా తెలుసు గదా, నా కొడుకు అట్లుండాడా అని ఆమె అడిగేది. ఆ ప్రశ్నకు ఊళ్ళో ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు. జవాబు లేదు కాబట్టి కొడుకు తప్పు చెయ్యలేదని ఆమె గట్టిగా నమ్మింది.

ఇంట్లో మధ్యాహ్నాలు మొయ్యలేక ఆమె చదువులో చేరింది. మార్కెట్ నుంచి వచ్చాక ఇల్లు బావురుమనేది. మునెయ్య వలల దగ్గరే ఉండిపోయేవాడు. అదే సమయంలో శ్రీకాళహస్తి నుంచి అమల అనే టీచరు బస్సులో వచ్చి, చర్చి పక్కనున్న రేకుల షెడ్డులో ఓపెన్ స్కూలు పాఠాలు మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఐదులో బడి మానేసిన ఆడవాళ్ళు పది పాసు కావచ్చని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కొందరు చేరారు. చేపల వాసన, చాక్‌పీసు పొడి, కరెంటు పోతే చెమట. షెడ్డులో నవ్వులకు మాత్రం లోటుండేది కాదు. రూతు అని ఒకామె ఉండేది, నోరు చాలా పెద్దది. రొయ్యలు ఒలిచేదానికి బీజగణితం ఎందుకని రోజూ గొణుగుతూనే, లెక్కలన్నీ అందరికంటే ముందు చేసి పక్కవాళ్ళకు చూపించేది.

చంద్రకాంతమ్మకు సాంఘిక శాస్త్రం ఇష్టం. తెలియని ఊళ్ళ పేర్లు చదవడం, తెలియని చట్టాల పేర్లు పలకడం ఆమెకు మంచి రొయ్యలు దండిగా పడినంత సంతోషం. అమల ఒకసారి చదివించి ఊరుకునే రకం కాదు. పుస్తకంలో హక్కుల పాఠం వచ్చినప్పుడు ఆ పూట పేపర్లో వచ్చిన వార్త ఒకటి తీసింది. ఏదో దూరపు ఊళ్ళో ఒక పిల్ల మీద జరిగిన అఘాయిత్యం. అట్లాంటివాణ్ణి ఏం చెయ్యాలో చెప్పమంది.

షెడ్డు హోరెత్తింది. ఉరి వెయ్యాలని ఒకరు, నిలువునా కాల్చాలని ఒకరు, కోసి కారం పెట్టాలని ఇంకొకరు. వాణ్ణి కన్న తల్లిని గూడా పక్కనే నిలబెట్టాలని రూతు అంది. అనేశాక ఆమెకు గుర్తొచ్చింది. అందరికీ గుర్తొచ్చింది. చంద్రకాంతమ్మ పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయింది. ఊరికి కొత్తదైన అమలకు ఇదేమీ తెలియదు. అరుపులు ఆగిపోయినందుకు సంతోషించి రెండో ప్రశ్న వేసింది. అట్లాంటివాడు చూసేదానికి ఎట్లా ఉంటాడు?

దీనికి జవాబులు జాగ్రత్తగా వచ్చాయి. ఎర్ర కళ్ళు ఉంటాయి. తాగుబోతు. వేరే ఊరివాడు. చదువు లేనివాడు, సంసారం లేనివాడు. అమల అవన్నీ నల్లబల్ల మీద రాసింది. తర్వాత వాళ్ళవైపు తిరిగి, మీ మీ ఎరుకలో జరిగినవి మనసులోనే తలుచుకోండి, పేర్లు చెప్పొద్దు, ఈ బల్ల మీద ఉన్నదానికి సరిపోతాయేమో చూడండి అంది.

అప్పుడు రూతు, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అంది.

"మా సిన్నాయన తాగేవాడు కాదు టీచర్."

ఒక్కొక్క తలా వంగింది. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. అమల బల్ల తుడిచేసి, ఆ పూటకు పాఠం చాలన్నది.

చంద్రకాంతమ్మ గట్టుదారిన ఇంటికి నడుస్తూ బల్ల మీది మాటలనే నెమరేసుకుంది. ఇన్నేళ్ళూ తన కొడుకును కాపాడింది ఆ మాటలే. రాక్షసుడే ఆ పని చేస్తాడు, నా కొడుకు రాక్షసుడు కాడు, కాబట్టి వాడు చెయ్యలేదు. కాల్చెయ్యాలని అరిచిన ఆడవాళ్ళు, నా కొడుకు బంగారమని ఏడ్చిన తాను, అందరూ ఆ ఒక్క బొమ్మనే పట్టుకుని వేలాడారు. ఆ బొమ్మ ఉన్నంతకాలం రూతు చిన్నాయనను ఎవరూ చూడలేదు, ఆయన కళ్ళు ఎర్రగా లేవు గనుక. ఆ బొమ్మ ఉన్నంతకాలం కోమలి చెప్పింది తాను వినలేదు. వాకిట్లోకి వచ్చి ఎదురింటి తలుపు వైపు చూసింది. ఆ పిల్లను అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

తర్వాతి ములాఖత్‌కు ఆమె ఒక్కతే వెళ్ళింది. ఎప్పుడూ అడిగే తిండి, జ్వరం, నిద్ర ఏవీ అడగలేదు. జాలీకి దగ్గరగా జరిగి, "శేఖరా, ఆ పిల్ల సెప్పింది అబద్దమా?" అంది.

ఇప్పుడెందుకమ్మా అదంతా అన్నాడు వాడు. అడిగినదానికి చెప్పమంది. వాడు జాలీ మీద వేలితో గీస్తూ ఉండిపోయాడు. చివరకు తల ఎత్తకుండానే అన్నాడు.

"కాదుమా. ఆ పిల్ల వద్దనింది. నేను ఇన్లేదు."

ఈ మాట వింటే కూలిపోతానని ఆమె దారి పొడవునా భయపడింది. కూలిపోలేదు. ఉప్పునీళ్ళలో చాలాసేపు తడిసిన బుట్ట దించినట్టయింది. "వచ్చినాక నీకు ఇంట్లో కూడుంటాది" అంది కొడుకుతో. "నీ తరపున అబద్దం మాత్రం ఇంక నా నోట్లో ఉండదు."

బయటకు వస్తుంటే వరసలో ఎవరో అడిగారు, ఏం కేసమ్మా అని. చంద్రకాంతమ్మ ఆగి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అడిగినామె రెండడుగులు వెనక్కు వేసింది. అయితే వరస మధ్యలోంచి, పుత్తూరు వైపు మనిషిలా ఉంది, ఇంకొక తల్లి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "మావోడిది గూడా అదే అక్కా. నేనెప్పుడూ దొంగతనమనే సెప్తా" అని గుసగుసగా అని మళ్ళీ వరసలో కలిసిపోయింది.

అమలకు ఊళ్ళో సంగతి తెలిసేసరికి పరీక్షలు దగ్గరపడ్డాయి. తెలిసిన రోజే బస్సు దిగి తిన్నగా చంద్రకాంతమ్మ ఇంటికి వచ్చి, తెలియక అడిగానని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చంద్రకాంతమ్మ ఆమెకు కాఫీ ఇచ్చి, "తెలిసుంటే నువ్వు అడిగుండవు టీచరమ్మా. నువ్వు అడగకుంటే నేనింకా కొట్లాట కేసనే సెప్పుకుంటా తిరుగుతుందును" అంది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా దాపరికం పోయింది. శిక్ష పూర్తయి వచ్చినవాళ్ళను ఊళ్ళు ఏం చేస్తాయి, ఏం చేస్తే మంచిది అని చంద్రకాంతమ్మ అడుగుతూ ఉంటే, అమల తాను చదివినవి చెబుతూ ఉండేది. పని, ఇల్లు, గమనించే మనుషులు ఉన్నవాడు మళ్ళీ తప్పులో పడే అవకాశం తక్కువని, అన్నిచోట్లా తరిమేసినవాడి మీద ఎవరి కన్నూ ఉండదని చెప్పింది. చంద్రకాంతమ్మ విన్నది విని ఊరుకోలేదు. వీటన్నిటిలో ఆ ఆడపిల్ల ఎక్కడుంది అని అడిగింది. ఆ ప్రశ్నకు అమల పుస్తకాల్లో వెతికి, చివరకు, అది ఆ అమ్మాయినే అడగాలి అంది.

అడగవలసిన రోజు త్వరగానే వచ్చింది. మునిశేఖర్ విడుదల కబురు తెలిసింది. ఊరు రెండుగా చీలింది.

ఊరి పెద్ద రామచంద్రయ్య, ఆయన వయసు మగవాళ్ళు ఒక వైపు. జరిగిందేదో జరిగింది, శిక్ష కూడా అనుభవించాడు, వాడి వంతు వాడికి ఇచ్చి కలుపుకోవాలన్నారు. వంతు అంటే కారదిబ్బలో అన్నమే. సరస్సులో రొయ్యలు పడే చోట్లు కొన్నే. వానలకు ముందు ఊరంతా కూర్చుని, ఏ వలజట్టుకు ఏ చోటో చీట్లు వేస్తారు. జట్టులో పెళ్ళీడుకొచ్చిన ప్రతి మగవాడి పేరూ పిలుస్తారు. మనిషి ఊళ్ళో లేకపోతే అతని ఇంటి ఆడమనిషి లేచి "ఉండాడు" అనాలి. ఆ మాట పడితే వంతు నిలుస్తుంది. ఆ ఒక్క మాట కోసమే ఆడవాళ్ళను అక్కడ కూర్చోనిస్తారు. వేటకు పోయినవాడికీ, ఆస్పత్రిలో పడుకున్నవాడికీ ఉన్న ఆ ఆచారాన్ని ఊరు ఏమాత్రం ఆలోచించకుండా జైలుకు పోయినవాడికి కూడా వర్తింపజేసింది. ఏటేటా మునిశేఖర్ పేరు పిలిచేవాళ్ళు. ఏటేటా చంద్రకాంతమ్మ లేచి "ఉండాడు" అనేది. అదే జట్టులో ఉన్న శాంతయ్య నేల చూపులు చూసేవాడు. ఊరి దృష్టిలో మునిశేఖర్ దూరపు వేటకు పోయిన మనిషి.

రెండో వైపు కుర్రవాళ్ళు. వాళ్ళకు దయానంద్ ముందుండి నడిచాడు. అతను కోమలికి మేనమామ కొడుకు, ఇంజనీరింగు చదివాడు. మునిశేఖర్ ఊళ్ళో అడుగు పెడితే కాళ్ళు విరగ్గొడతామని ఫోన్లలో పెట్టుకున్నారు. తారురోడ్డు మలుపులో కట్టడానికి నిలువెత్తు ఫ్లెక్సీ కూడా కొట్టించారు. అందులో మునిశేఖర్ ముఖానికి కంప్యూటర్లో ఎర్ర కళ్ళు పెట్టించి, కోరలు కూడా దిద్దించారు.

రెండు వైపుల వాళ్ళూ గట్టిగానే వాదించుకున్నారు. వాళ్ళలో ఒక్కరూ కోమలిని ఏమీ అడగలేదు.

కోమలి అప్పటికి తడ దగ్గర ఒక కంపెనీలో సూపర్‌వైజరు. తెల్లవారగానే యూనిఫారం వేసుకుని, గట్టుదారిన నడిచి, తారురోడ్డు మీద కంపెనీ బస్సు ఎక్కుతుంది. ఊళ్ళోంచి బయటకు పోవడానికి ఆ గట్టు తప్ప వేరే దారి లేదు. ఆ గట్టు చంద్రకాంతమ్మ వాకిలిని ఒరుసుకునే మొదలవుతుంది. ఇన్నేళ్ళూ ఆ వాకిలి దాటేటప్పుడు కోమలి నడక వేగం పెరిగేది. తల సరస్సు వైపు తిరిగేది.

సెలవు రోజు చూసుకుని చంద్రకాంతమ్మ శాంతయ్య ఇంటికి వెళ్ళింది. ఎదురిల్లే అయినా ఆ నాలుగు అడుగులు వెయ్యడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది. కోమలి వాకిట్లో యూనిఫారం ఉతుకుతోంది. శాంతయ్య చుట్ట ఆర్పి లేచి నిలబడ్డాడు గాని కూర్చోమని అనలేదు. చంద్రకాంతమ్మ నిలబడే మాట్లాడింది. నిన్ను అన్న మాటలన్నీ తప్పు మాటలని చెప్పింది. వాడు ఒప్పుకున్నాడని చెప్పింది. క్షమించమని అడగడానికి రాలేదని, వాడు వస్తున్నాడు గనుక నీకేం కావాలో తెలుసుకోవడానికి వచ్చానని చెప్పింది.

కోమలి బట్టలు పిండుతూనే ఉంది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న తనను అడిగిన మొదటి మనిషి ఈమే కావడం ఆమెకు మింగుడుపడలేదేమో. పిండిన చొక్కా బకెట్లో వేసి నోరు విప్పింది.

"ఆ ఫ్లెక్సీ వద్దని దయా బావకు సెప్పినా ఇన్లేదు పెద్దమ్మా. దాన్ని సూసినోళ్ళంతా ఎవురా పిల్ల అని అడగరా? వాడి మొగం కట్టినా కనపడేది నా మొగమే." బకెట్ పక్కకు జరిపింది. "మా నాయన వాడితో ఒక వల లాగలేడు. లాగాల్సొస్తే మేము మద్రాసుకు పోతాము. నాకు వాడు సచ్చిపోవాలని లేదు. వాడు యాడుండాడో నేను కనుక్కోవాల్సిన పని లేకండా ఉండాల. అంతే."

చంద్రకాంతమ్మ తల ఊపి ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఆమె చేతిలో రెండు పనులు ఉన్నాయి. కన్న కొడుకుకు నీడ ఉండాలి. ఆ పిల్ల ఊరు విడవకూడదు. ఒకటి దక్కాలంటే ఒకటి వదులుకోవాలని ఊరంతా అంటోంది. ఆమె మాత్రం రెండూ దక్కించుకోవాలనుకుంది.

మునెయ్యతో చెప్పినప్పుడు ఇంట్లో పెద్ద రగడ అయింది. తల్లే కొడుకు నోటికాడి కూడు కొడతాదా అని ఆయన కంచం తోసేశాడు. నెమ్మదస్తుడు, ఎన్నడూ కంచం తోసినవాడు కాడు. చంద్రకాంతమ్మ కంచం మళ్ళీ ముందుకు జరిపింది. "వాణ్ణి తరిమెయ్యమంటే నేను ఒప్పుకోను. వాడి కోసరం ఆ పిల్ల దారి మార్చుకోవాలంటే గూడా ఒప్పుకోను. ఎవురో ఒకరు జరగాల గదా. మనమే జరగదాము" అంది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వలకు పోతూ, ఇండ్లు మార్చుకోవాలంటే మీ తమ్ముడు ఒప్పుకోవద్దా అన్నాడు. ఆ మాటతో ఆయన దారికొచ్చినట్టే.

చీట్ల రోజున ఊరంతా తుఫాను షెల్టరులో కూర్చుంది. మునిశేఖర్ విడుదలై వచ్చి అప్పటికి వారం కాలేదు. తల్లి చెప్పినట్టు ఊరి కొసన మేనమామ ఇంట్లోనే ఉన్నాడు. పేర్లు పిలుస్తూ రామచంద్రయ్య శాంతయ్య జట్టుకు వచ్చాడు. మునెయ్య పలికాడు. శాంతయ్య పలికాడు. మునిశేఖర్ పేరు రాగానే కుర్రవాళ్ళు గోడ వారన లేచి నిలబడ్డారు. చంద్రకాంతమ్మ లేచింది.

"ఊర్లో ఉండాడు. వలలో లేడు."

రామచంద్రయ్యకు అర్థం కాలేదు. "అట్టాంటి జవాబు లేదు చంద్రకాంతా. ఉండాడను, లేదంటే లేడను."

"ఇయ్యాల్టి నుంచి ఉంటాదన్నా" అంది ఆమె. "ఇన్నేళ్ళు ఉండాడంటిని. వాడు వేటకు పోయినట్టు మీరంతా రాసుకుంటిరి. వాడు పోయింది వేటకు కాదు. శాంతయ్యన్న ముందర నేను ఆ మాట ఎట్ట అన్నానో నాకే తెలీదు."

తర్వాత సంగతులన్నీ ఆమె నిదానంగా, మార్కెట్లో చేప గురించి చెప్పినంత నిదానంగా చెప్పింది. కొడుకు ఊరి కొసన పడవలకు తారు పూసే చోట మగవాళ్ళ మధ్య పని చేస్తాడు. కంపెనీ బస్సు వేళల్లో గట్టుదారి మీద అడుగు పెట్టడు. ఎండుచేపల షెడ్డు వైపు రాడు. గట్టు మొదట్లో ఉన్న ఇల్లు తమ్ముడికిచ్చి, తమ్ముడి ఇంటికి తాము మారుతున్నారు. వాడు మాట తప్పితే స్టేషన్‌కు పోయే మొదటి మనిషి తానే. వీటిలో ఎవరికైనా అభ్యంతరముంటే అడగమంది.

దయానంద్ గోడ దగ్గర నుంచే నవ్వాడు. "మంచి మాటలు సెప్పి కొడుకును ఊర్లో దించేస్తుండావే పెద్దమ్మా. పది పరీక్ష రాస్తానే లాయరువి అయిపోయినావు."

కొందరు నవ్వారు. చంద్రకాంతమ్మ కూడా కొంచెం నవ్వింది.

"నువ్వు నాకంటే శానా సదివినావు నాయనా, నువ్వే సెప్పు. వాణ్ణి ఈడ నుంచి తరిమితే యాడికో ఒక సోటికి పోతాడు గదా. ఆడ ఆడబిడ్డలు ఉండరా? ఆడ వాడెవడో ఎరిగినోళ్ళు ఎవురు? ఈడ నాకు తెలుసు, మీకందరికీ తెలుసు. తెలిసిన సోట ఉంటేనే గదా వాణ్ణి సూసుకునేది." ఒకడుగు అతని వైపు వేసింది. "ఆ ఫ్లెక్సీలో వాడికి ఎర్ర కళ్ళు పెట్టిచ్చినావంట. వాడి కళ్ళు ఎరుపు గావు. నీ కళ్ళు ఎట్టుంటాయో వాడివీ అట్నే ఉంటాయి. నీ బొమ్మను సూసిన ఆడబిడ్డ ఎర్రకళ్ళోణ్ణి సూసి బయపడతాది, మామూలు కళ్ళోడి పక్కన నిమ్మళంగా కూర్చుంటాది. నేనట్ట మోసపోయిన దాన్నే."

ఆడవాళ్ళ వైపు నుంచి రూతు లేచి నిలబడింది. వచ్చి చంద్రకాంతమ్మ పక్కన చేరింది. ఆమె వెనక షెడ్డులో చదివిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఒక్క మాట కోసం మాత్రమే కూర్చోనిచ్చిన ఆడవాళ్ళు అంతమంది ఒకేసారి నిలబడటం కారదిబ్బలో ఎవరూ చూసి ఉండరు. దయానంద్ మాట్లాడబోయి వాళ్ళలో తన తల్లిని చూసి ఆగిపోయాడు.

రామచంద్రయ్య ఖాళీ అయిన వంతును పరిహారంగా శాంతయ్యకు ఇచ్చేద్దామని తీర్పు చెప్పబోయాడు. శాంతయ్య లేచాడు. ఆ కేసు మొదలైనప్పటి నుంచి ఆ సభలో ఆయన పేరుకు పలకడం తప్ప మాట్లాడింది లేదు. "నాకొద్దప్పా. నా బిడ్డ పడిన బాదకు రొయ్యలు తూకమేస్తారా" అన్నాడు. "ఆయమ్మ సెప్పినట్టు సెయ్యండి, సాలు." ఆ వంతు ఊరి ఉమ్మడిలో కలిసిపోయింది. చీట్లు ముందుకు సాగాయి. ఫ్లెక్సీ సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. తర్వాత వానల్లో దయానంద్ దాన్ని తిరగేసి గొడ్ల కొట్టంపై కప్పాడు.

ఇల్లు మారిన రోజు పండగలా జరిగింది. అందుకు కారణం చంద్రకాంతమ్మ మరదలు తిరుమలమ్మ. రేవుకు ఎదురుగా ఉన్న ఆ గాలి ఇంటి మీద ఆమెకు కాపురానికి వచ్చిన నాటి నుంచీ కన్ను. ఊరి మంచి కోసమే మారుతున్నానని నలుగురికీ చెబుతూ, పొయ్యి ఎక్కడ పెట్టాలో ముందుగానే కొలుచుకుని వెళ్ళింది. మగవాళ్ళు సామాను మోస్తుంటే, వదినా నీ అమ్మికల్లు కూడా ఇక్కడే ఉండనీ, బరువు గదా అంది. చంద్రకాంతమ్మ నూరుడురాయి మాత్రం వదల్లేదు. ఊరి కొసన ఇంటికి గాలి రాదు. వానొస్తే బురద గడప దాకా వస్తుంది. మార్కెట్‌కు పోవాలంటే ఊరంతా దాటాలి. ఆ నష్టాలన్నీ తెలిసే ఆమె మారింది.

మునిశేఖర్ గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. పడవలకు తారు పూస్తాడు. ఎక్కువ మాట్లాడడు. మొదట్లో విసుక్కునేవాడు. శిక్ష అయిపోయింది గదా, మళ్ళీ ఇదేం శిక్ష, దారి మీద నడవకూడదా అని ఒకరోజు తల్లి మీద కేకలేశాడు. "ఇది శిక్ష కాదురా, మర్యాద. ఇన్నేళ్ళు ఆ పిల్ల తల తిప్పుకుని నడిసింది. ఇప్పుడు నీ వంతు" అంది చంద్రకాంతమ్మ. వాడు బయటకు పోయి చాలాసేపటికి వచ్చాడు. బస్సు వేళ దాటేదాకా తారు పూసే పడవల దగ్గరే కూర్చుని, తర్వాతే వచ్చాడు.

చంద్రకాంతమ్మ పది పాసయింది. సాంఘిక శాస్త్రంలో మార్కులు బాగా వచ్చాయని అమల శ్రీకాళహస్తి నుంచి స్వీటు ప్యాకెట్టు తెచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకు మాట్లాడమని ఆమెను షెడ్డుకు పిలుస్తూ ఉంటుంది. ఒకసారి ఒక చిన్నమ్మి, అట్లాంటివాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఎట్లా తిరుగుతున్నావు, సిగ్గు లేదా అని మొహమ్మీదే అడిగింది. షెడ్డంతా ఉలిక్కిపడింది. చంద్రకాంతమ్మకు కోపం రాలేదు. సిగ్గుంది తల్లీ, అది దాచుకున్నప్పుడే బరువుగా ఉండేది అంది.

వానాకాలం చివర్లో ఒక ఉదయం తిరుమలమ్మ రొయ్యలు తీసుకుపోవడానికి వచ్చి, కూర్చుని లోకాభిరామాయణం మొదలుపెట్టింది. మాటల మధ్యలో, పొద్దున కోమలి చెప్పు తెగితే గట్టు కాడ మా తిన్నె మీదనే కూర్చుని పిన్నీసు పెట్టి బాగు చేసుకుంది వదినా అని చెప్పింది. కుక్కపిల్లతో కాసేపు ఆడిందట. కంపెనీలో ఎవరో ఎట్లా నడుస్తారో నడిచి చూపించి నవ్వించిందట. బస్సు హారన్ వినిపించినా పరిగెత్తకుండా నిదానంగా పోయిందట. తిరుమలమ్మకు అది చెప్పుకోదగ్గ విషయమే కాదు. వెంటనే మామిడికాయ పచ్చడి సంగతిలోకి పోయింది.

చంద్రకాంతమ్మ చేతిలో ఉన్న రొయ్య అట్లాగే ఉండిపోయింది. తర్వాత మిగిలినవన్నీ గబగబా ఒలిచి, బుట్ట సర్ది, చుట్టకుదురు పెట్టుకుని నెత్తికెత్తుకుంది. ఊరి కొస నుంచి రోడ్డు దాకా ఆ రోజు ఆమె నడిచిన తీరు చూసినవాళ్ళు, పరీక్ష పాసైన రోజు కూడా చంద్రకాంతమ్మ ఇంత నిటారుగా నడవలేదు, ఏం మేలు జరిగిందో అనుకున్నారు. రేవులో ఎవరో అడిగారు కూడా. ఏమీ లేదప్పా, చేపలు ఈనాటివి అని చెప్పి ఆమె సాగిపోయింది.